మొండి నొప్పికి ఏ సాధన: బాడీ స్కానా, యోగనిద్రా, విపశ్యనా, నడకా?

నడుము నొప్పి పట్టుకుని నాలుగో ఏడు నడుస్తుండగా డాక్టరుగారు ఎమ్మారై ఫిల్మును లైటుకు ఎదురుగా పెట్టి చూసి, "ఆపరేషన్ చేసేంత ఏం లేదమ్మా. మాత్రలు ఇంతకంటే పెంచకూడదు. కొంచెం ధ్యానం, యోగా లాంటివి మొదలుపెట్టు" అన్నారు. ఏ ధ్యానం అని అడిగేలోపే తర్వాతి పేషెంటు తలుపు తోసుకుని వచ్చేశాడు.

ఇంటికొచ్చాక సలహాల వాన. పిన్ని యోగనిద్ర అంది. మా డీటీపీ సెంటర్లో ఒకాయన విపశ్యనకు వెళ్ళమన్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి మెల్లగా నడవమంది. ఫోన్లో యాప్ ఒకటి బాడీ స్కాన్ చేయమని, దానికి ఏడాది చందా కట్టమని అడిగింది. వినడానికి అందరిదీ ఒకటే మాట: "ఒంటిని గమనించు." చేయబోతే నాలుగూ నాలుగు దారులు. ఆ నాలుగింటి మధ్య నిలబడిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాలుగూ చేశాను. వాటిలో ఒకటి చేయకూడని సమయంలో చేసి మంచం ఎక్కాను, ఆ సంగతీ చెప్తాను.

ముందు డాక్టరు, తర్వాతే చాప

మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఈ సాధనలు అలాంటి నొప్పికే, అదీ కారణం వెతకడం అయ్యాకే. నడుము నొప్పితో పాటు కాలిలో బలం తగ్గినా, మూత్రం మీదో విరేచనం మీదో పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గకుండా రాత్రిపూట పెరిగే నొప్పి, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండడం, వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలే. కీళ్ళవాతానికి, షుగరువల్ల వచ్చే అరికాళ్ళ మంటలకు, చికున్‌గున్యా తర్వాత నెలల తరబడి వదలని కీళ్ళ నొప్పులకు వాటి వైద్యం వాటికి ఉంది. సాధన దాని పక్కన నడవాలి. ధ్యానం మొదలుపెట్టాం కదా అని నరాల నొప్పికి, నిద్రకు ఇచ్చిన మాత్రలను మనంతట మనం ఆపకూడదు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

"నొప్పి పోతుందా?" అనే అందరం ముందు అడుగుతాం. ఎంపికకు ఆ ప్రశ్న పనికిరాదు, ఎందుకంటే నాలుగింటికీ జవాబు ఒకటే: చాలామందికి పూర్తిగా పోదు. తగ్గేది ఎక్కువగా ఆ నొప్పి చుట్టూ మనం పెంచుకున్న బిగింపు, భయం. 1965లో మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉందని ప్రతిపాదించారు. కాలి నుంచో నడుము నుంచో బయల్దేరిన సంకేతం ఉన్నదున్నట్టు మెదడుకు చేరదు, దారిలో తగ్గొచ్చు, పెరగొచ్చు. మెదడు కూడా పైనుంచి ఆ గేటును కదుపుతుంది. ఆ సిద్ధాంతంలో వివరాలు తర్వాత చాలా మారాయి. భయం, నిద్రలేమి, ధ్యాస ఎక్కడుంది అన్నవి నొప్పిని ఎగదోస్తాయి, దించుతాయి అన్న సంగతి మాత్రం నిలబడింది.

కాబట్టి వేసుకోవాల్సిన ప్రశ్నలు వేరు. అన్నిటికంటే ముందు, మీ ఒళ్ళు ఏ భంగిమను ఎంతసేపు ఓర్చుకుంటుంది? కూర్చోలేని మనిషికి కూర్చుని చేసే సాధన ఎంత గొప్పదైనా దండగ. రెండోది, నొప్పి ఎగదన్నితే మధ్యలో ఆపడానికో, పక్కకు తిరగడానికో వీలుందా? మూడోది, మీకు ముందు బాగుపడాల్సింది ఏది? రాత్రి నిద్రా, కదలాలంటే భయమా, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కోవడమా? ఇక రోజుకు ఎంత టైము, ఎంత డబ్బు, ఇంట్లో తలుపేసుకునే గది ఉందా, అనుమానం వస్తే అడగడానికి మనిషి ఉన్నారా అన్నవి. ఈ చివరివి చిన్నగా కనిపిస్తాయి కానీ, మూడో వారంలో మానేయించేవి ఎక్కువగా ఇవే.

బాడీ స్కాన్

1979లో అమెరికాలో, మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ ఒక క్లినిక్ మొదలుపెట్టారు. మామూలు వైద్యంతో పెద్దగా ఫలితం కనిపించని, ఏళ్ళ తరబడి నొప్పులున్న రోగులు అక్కడికి వచ్చేవారు. బర్మా విపశ్యన సంప్రదాయంలో ఒంటిని తల నుంచి కాలిదాకా గమనించే పద్ధతిని తీసుకుని, మతం మాట లేకుండా, పడుకుని చేసేలా మార్చారు. ఆ కోర్సు 8 వారాలు. వారానికొక క్లాసు, ఇంట్లో రోజూ 45 నిమిషాలు. ధ్యాస ఎడమ కాలి వేళ్ళ దగ్గర మొదలై, నిదానంగా పైకి వస్తుంది. ఎక్కడా దేన్నీ మార్చమని చెప్పరు. అక్కడ ఏముందో చూడడమే.

దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి చాప మీద పడుకున్నాను, మోకాళ్ళ కింద దిండు. మడమ నేలకు ఆనిన చోట చల్లగా ఉంది. పిక్క దగ్గర ఏమీ తెలియడం లేదు. "ఏమీ తెలియడం లేదు" అని తెలియడం కూడా సరే అంటుంది రికార్డింగులో గొంతు. నడుము దగ్గరికి వచ్చేసరికి లోపల నుంచి "అమ్మో" అనే మాట లేచింది. అప్పుడు గమనించాను, నొప్పి నడుములో ఉంటే నా ఎడమ భుజం చెవి దాకా లేచి ఉంది, పళ్ళు బిగిసి ఉన్నాయి, ఊపిరి ఆగి ఉంది. నాలుగేళ్ళుగా ఇది చేస్తున్నానని నాకే తెలియదు. బియ్యం డబ్బా మూత తీయడానికి వంగకముందే ఊపిరి బిగబట్టేదాన్ని. భుజం దించితే నడుము నొప్పి పోలేదు. కానీ మెడ నొప్పికి వేసుకునే మాత్ర ఆ నెలలో సగానికి సగం తగ్గింది.

ఈ పద్ధతిలో తెలుగువాళ్ళకు ఒక వెసులుబాటు ఉందనిపిస్తుంది. మనకు నొప్పికి మాటలు ఎక్కువ. సలుపు, పోటు, మంట, తీపు, గుంజడం, పీకడం, తిమ్మిరి, కలుక్కుమనడం, పట్టేయడం. "నొప్పి" అనే పెద్ద మాట పక్కన పెట్టి, ఇప్పుడు ఈ క్షణం ఇది వీటిలో ఏది అని చూడండి. ఐదు నిమిషాల్లో అది పోటు నుంచి సలుపుకు, సలుపు నుంచి వేడికి మారడం కనిపిస్తుంది. రోజంతా ఒకే నొప్పి అనుకున్నది ఒకే నొప్పి కాదని అక్కడే తెలుస్తుంది.

రుజువుల మాటకొస్తే, 2016లో సియాటిల్ ప్రాంతంలో 342 మంది నడుము నొప్పివాళ్ళ మీద చేసిన అధ్యయనం ఒకటుంది. ఈ 8 వారాల కోర్సు చేసినవాళ్ళలో ఆరు నెలల తర్వాత రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించినవాళ్ళు వందకు 61 మంది. మామూలు వైద్యంలోనే ఉన్నవాళ్ళలో 44. ఈ రెండు అంకెలూ కలిపి చదవండి. కొత్తగా ఏమీ చేయకపోయినా 44 మంది మెరుగయ్యారు, కాబట్టి ఇది మంత్రం కాదు. తేడా మాత్రం నిజంగానే ఉంది. అదే అధ్యయనంలో సైకాలజిస్టుతో కూర్చుని ఆలోచనల మీద, అలవాట్ల మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ తీసుకున్నవాళ్ళు 58. అంటే దాదాపు సమానం. కళ్ళు మూసుకుని పడుకోవడం మీకు బొత్తిగా పడకపోతే ఆ దారి తక్కువదేమీ కాదు.

ఇబ్బందులు రెండు. మొదటి పది, పదిహేను రోజులు నొప్పి ఎక్కువైనట్టు అనిపించొచ్చు, ఎందుకంటే ఇన్నాళ్ళూ టీవీ సౌండు పెంచి మూసిపెట్టిన దాన్ని ఇప్పుడు వింటున్నాం. చాలామంది ఇక్కడే మానేస్తారు. రెండోది 45 నిమిషాలు. మన ఇళ్ళలో అది కుదరని పని. 15 నిమిషాలతో మొదలుపెట్టి నెలకు 25కి వెళ్ళినా నష్టం లేదని నా అనుభవం.

యోగనిద్ర

ఇప్పుడు మనకు దొరికే యోగనిద్ర రికార్డింగుల్లో చాలావాటి వెనుక ముంగేర్‌లోని బిహార్ స్కూల్ ఆఫ్ యోగాను స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి పద్ధతి ఉంది. మంత్రంతో ఒక్కొక్క అవయవాన్ని తాకే న్యాసం నుంచి దాన్ని తీసుకున్నారు. సంకల్పంతో మొదలవుతుంది, తర్వాత ధ్యాస కుడిచేతి బొటనవేలి నుంచి బయల్దేరుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అంటూ గొంతు ఆగకుండా పోతుంది.

బాడీ స్కాన్‌కీ దీనికీ అసలు తేడా ఈ వేగమే. అక్కడ నడుము దగ్గర రెండు నిమిషాలు కూర్చోబెడతారు. ఇక్కడ నడుము అనగానే పిరుదు, తొడ, మోకాలు అని వెళ్ళిపోతారు. నొప్పి దగ్గర ఆగడమంటే హడలిపోయేవాళ్ళకు ఇది వరం. ఆ కారణంగానే బిగింపును పట్టుకోవడం దీంతో అంతగా రాదు. పగలు వంటగదిలో భుజం లేచిన సంగతి యోగనిద్ర నాకు చెప్పలేదు. నిద్ర మాత్రం ఇచ్చింది. నిద్రపోవద్దని రికార్డింగులో పదే పదే చెప్తారు. మూడు రాత్రులు నిద్ర లేని మనిషి ఆ మాట వినక్కర్లేదు.

ఒక హెచ్చరిక. పూర్తి సాధనలో బరువు-తేలిక, వేడి-చలి లాంటి జంటలను ఊహించమంటారు, కొన్నిట్లో నొప్పి-సుఖం జంట కూడా వస్తుంది. "ఇప్పుడు నొప్పిని గుర్తు తెచ్చుకోండి" అని వినగానే నాకు నవ్వొచ్చింది, మరిచిపోతే కదా. ఆ భాగం లేని 20 నిమిషాల చిన్న రికార్డింగు ఎంచుకోండి. శవాసనంలో కాళ్ళు బారచాపితే నడుము లాగేవాళ్ళు మోకాళ్ళ కింద దిండు పెట్టుకోవాలి. నిండు గర్భిణులు ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలి.

విపశ్యన 10 రోజుల శిబిరం

దీని కథే తలనొప్పితో మొదలైంది. బర్మాలో పుట్టి పెరిగిన వ్యాపారి సత్యనారాయణ గోయెంకాకు తీవ్రమైన మైగ్రేన్ ఉండేది. 1955లో ఊ బా ఖిన్ అనే గురువు దగ్గరికి వెళ్తే, కేవలం తలనొప్పి పోగొట్టుకోవడానికైతే రావద్దని ఆయన చెప్పారని గోయెంకాగారే చెప్పుకునేవారు. నొప్పి కోసం విపశ్యనకు వెళ్ళాలనుకునే ప్రతివాళ్ళూ ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆయన 1969లో భారతదేశానికి వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. మనకు హైదరాబాద్ దగ్గర, నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అనే కేంద్రం ఉంది.

తెల్లవారి నాలుగింటికి గంట. రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవడం. మాటలు లేవు, ఫోను లేదు. ఫీజూ లేదు, ఇష్టమైతే చివర్లో విరాళం. మొదటి మూడు రోజులు శ్వాస, నాలుగో రోజు నుంచి ఒంటి మీద స్పందనలను గమనించడం. ఆ తర్వాత రోజుకు మూడు సార్లు గంటసేపు భంగిమ మార్చకుండా కూర్చోమంటారు. నేర్చుకునే లోతులో మిగతా మూడూ దీనికి సాటి రావు, ఒప్పుకుంటాను.

నేను వెళ్ళింది వేరే ఊళ్ళో శిబిరానికి. తప్పు పూర్తిగా నాదే. నొప్పి బాగా ఎగదన్నిన నెలలో వెళ్ళాను, ఎంపిక చేయరేమోనన్న టెన్షన్‌తో దరఖాస్తులో "కొంచెం నడుము నొప్పి" అని రాశాను. కుర్చీ అడిగితే ఇచ్చేవారే, పక్క వరసలో ముగ్గురు కుర్చీల్లోనే ఉన్నారు. మొండిగా నేల మీద కూర్చున్నాను. ఐదో రోజు సాయంత్రం నడుము పట్టేసి లేవలేకపోయాను, ఇంటికొచ్చాక పన్నెండు రోజులు మంచమే. కదలకుండా భరించడం వేరు, గమనించడం వేరు అని ఆ మంచం మీద అర్థమైంది.

ఇంట్లో మూడు నాలుగు నెలలు రోజూ ఏదో ఒక సాధన చేసి, కుర్చీలో 45 నిమిషాలు కూర్చోగలిగినవాళ్ళకే ఇది చెప్తాను. డిప్రెషన్, తీవ్రమైన ఆందోళన, గతంలో మానసిక వ్యాధి ఉన్నవాళ్ళు సైకియాట్రిస్టును అడగకుండా వెళ్ళొద్దు. దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి.

గమనిస్తూ నడవడం

మా అత్తయ్యకు 68. రెండు మోకాళ్ళూ అరిగాయన్నారు. "అరిగిందాన్ని ఇంకా అరగదీయమంటావా అమ్మాయ్" అని కుర్చీ దిగేది కాదు. 'అరుగుదల' అన్న మాట మన ఇళ్ళలో చాలామందిని కూర్చోబెట్టేసింది. చెప్పు అరిగినట్టు మోకాలు అరుగుతుందనుకుంటాం. నిజానికి మోకాళ్ళ ఆర్థరైటిస్‌కు వ్యాయామం ముఖ్యమైన చికిత్సల్లో ఒకటి. దీర్ఘకాలిక నడుము నొప్పికైతే అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2017లో మాత్రల కంటే ముందు ప్రయత్నించమన్న వాటిలో వ్యాయామం, యోగా, మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు (బాడీ స్కాన్ దగ్గర చెప్పిన 8 వారాల కోర్సే) ఉన్నాయి.

అత్తయ్య ఎండ ఎక్కకముందు డాబా మీద నడుస్తుంది, పిట్టగోడ పక్కనే, చెయ్యి గోడ మీద. "మడమ, అరికాలు, వేళ్ళు" అనుకుంటూ ఒక్కో అడుగు. మొదటి వారం ఎనిమిది నిమిషాలు. కుడి కాలు వేసేటప్పుడు ఊపిరి బిగబడుతున్నానని తనంతట తనే కనిపెట్టింది. "ఇదేం ధ్యానమే, నడుస్తున్నానంతే" అంటుంది ఇప్పటికీ. ఎంత నడవాలన్నదానికి మేం పెట్టుకున్న లెక్క మర్నాటి పొద్దున. లేచేసరికి నొప్పి ముందురోజు కంటే బాగా పెరిగి ఉంటే ఆ రోజు సగం నడక, మానడం మాత్రం లేదు.

దీని లోటు, మనసు జారిపోతుంది. పక్కింటి డాబా మీద ఎవరో పలకరిస్తే గమనింపు అక్కడితో సరి. అందరికీ కుదరదు కూడా. నల్గొండ వైపు ఫ్లోరోసిస్‌తో వెన్ను, కీళ్ళు బిగిసిపోయినవాళ్ళను "మెడ నెమ్మదిగా తిప్పుతూ గమనించండి" అనడం వెటకారమే అవుతుంది. వాళ్ళకు కదిలే భాగాలతోనే, చేతివేళ్ళతోనో శ్వాసతోనో మొదలుపెట్టాలి.

పక్కపక్కన పెడితే

| | బాడీ స్కాన్ | యోగనిద్ర | విపశ్యన శిబిరం | గమనిస్తూ నడక |
|---|---|---|---|---|
| భంగిమ | పడుకుని లేదా కుర్చీలో | పడుకుని | కూర్చుని, రోజంతా | నిలబడి |
| టైము | రోజూ 15-45 నిమిషాలు | రోజూ 20-30 నిమిషాలు | 10 రోజులు వరసగా | రోజూ 5-20 నిమిషాలు |
| ఖర్చు | ఉచిత రికార్డింగులు చాలు, కోర్సుకైతే ఫీజు | దాదాపు ఏమీ లేదు | ఫీజు లేదు, విరాళం | లేదు |
| ముందు మారేది | బిగింపు, విసుగు | నిద్ర | నొప్పి మీద మన ప్రతిచర్య | కదలాలంటే భయం |
| మధ్యలో ఆపొచ్చా | ఆపొచ్చు | ఆపొచ్చు | కష్టం | ఆపొచ్చు |
| జాగ్రత్త | మొదట్లో నొప్పి పెరిగినట్టుంటుంది | పగటి అలవాట్లు మారవు | నొప్పి ఎగదన్నినప్పుడు వద్దు | తూలి పడకుండా ఆసరా |

మీరు ఎవరైతే ఏది

రాత్రి నిద్రే పెద్ద సమస్య అయితే రెండు వారాలు యోగనిద్ర, తర్వాత పొద్దునపూట బాడీ స్కాన్ కలపండి. నిద్ర లేకుండా ఏ గమనింపూ నిలవదు.

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకు నా ఓటు బాడీ స్కాన్‌కే. మన నొప్పిలో సగం మనకు తెలియకుండా బిగబట్టేదే. సాయంత్రం ఒకసారి చేయడం కంటే, గంటకోసారి భుజం, దవడ, ఊపిరి ఎలా ఉన్నాయని అర నిమిషం చూసుకోవడం ఎక్కువ పనిచేసింది నాకు.

కూలి పనికో, దుకాణంలో నిలబడే పనికో వెళ్ళేవాళ్ళకు 45 నిమిషాల చాప సలహా ఇవ్వడం అన్యాయం. బస్సు కోసం నిలబడ్డప్పుడు రెండు అరికాళ్ళ మీద బరువు ఎలా పడుతోందో చూడడం, బరువు ఎత్తేముందు ఒక్క ఊపిరి వదలడం, ఇంతే చాలు మొదటి నెలకు.

అరికాళ్ళ మంటలున్న షుగరు పేషెంట్లు బాడీ స్కాన్‌ను కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టొద్దు. తిన్నగా మంట మీదే ధ్యాస పెట్టినట్టవుతుంది. చేతుల నుంచో తల నుంచో దిగండి, పాదాల దగ్గరికి చివర్లో, కాసేపే. స్పర్శ తగ్గిన పాదాలతో చెప్పుల్లేకుండా నడక సాధన చేయొద్దు. మైగ్రేన్ ఉన్నవాళ్ళు పోటు లేని రోజుల్లో చేయాలి. పోటు వచ్చిన గంటలో చీకటి గది, డాక్టరు చెప్పిన మాత్ర.

కళ్ళు మూసుకుని ఒంటి మీద ధ్యాస పెట్టగానే గుండె దడ, పాత భయాలు లేచేవాళ్ళు ఉంటారు. హింసకు గురైనవాళ్ళలో, ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ళలో ఇది చూస్తాం. అది మీ చేతకానితనం కాదు. కళ్ళు తెరిచి నడవడంతో మొదలుపెట్టండి, కౌన్సెలర్‌తో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలి-మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

పడుకుంటే ఏమీ తెలియడం లేదు, మనసు నిలవడం లేదు అనేవాళ్ళకు ఐదో దారి ఒకటుంది. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికన్ వైద్యుడి కండరాల సడలింపు. పిడికిలి ఐదు సెకన్లు బిగించి వదలడం, అలా ఒక్కో భాగం. బిగింపుకూ వదులుకూ తేడా మొద్దుబారిన ఒంటికి కూడా తెలుస్తుంది. నొప్పి ఉన్న భాగాన్ని మాత్రం బిగించొద్దు.

ఏది ఎంచుకున్నా ఒక్కటే, నెల రోజులు. పుస్తకంలో నొప్పికి పదికి ఎన్ని మార్కులో రాసుకుంటే రోజంతా దాని చుట్టూనే తిరుగుతాం. దాని బదులు ఆ రోజు చేయగలిగిన పని రాయండి: కుంచం బియ్యం ఏరాను, రెండు అంతస్తులు ఎక్కాను, పిల్లాడి మీద అరవలేదు.

రికార్డింగు సంగతి. గొంతు నచ్చకపోతే సాధన సాగదు, కాబట్టి యాప్‌కు డబ్బు కట్టేముందు ఉచితంగా దొరికే నాలుగైదు వినండి. నాకు ఏదీ నచ్చక, పేపరు మీద రాసుకుని నా గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకున్నాను, పదిహేడు నిమిషాలు. తొమ్మిదో నిమిషంలో, సరిగ్గా నడుము దగ్గరికి వచ్చేసరికి, పక్కింటి కుక్కర్ విజిల్ వేస్తుంది. తీసేయకుండా అలాగే ఉంచాను. ఇప్పుడు ఏ ఇంట్లో విజిల్ విన్నా ముందు నా భుజం కిందికి దిగుతోంది.